సోలార్ బ్యాటరీ బాగు చేయించాలా, కొత్తది కొనాలా

మా అమ్మ రాత్రిపూట ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ పెట్టుకుని పడుకుంటుంది. ఆ మిషన్ చప్పుడు ఆగితే నాకు నిద్రలోనే తెలిసిపోతుంది. కిందటేడు ఒక రాత్రి రెండున్నరకి అలాగే ఆగింది. సాయంత్రం నుంచి ఇల్లంతా బ్యాటరీ మీదే నడుస్తోంది. తెర మీద ఇంకా 24 శాతం ఉందని చూపిస్తోంది గానీ ఇన్వర్టర్ ఆగిపోయింది. పక్కనే ఉంచుకున్న సిలిండర్ తెరిచి, అమ్మకి గొట్టం మార్చి, తెల్లవార్లూ మంచం పక్కనే కూర్చున్నాను.

మర్నాడు బ్యాటరీ కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి మనిషి ఒకటే మాట అన్నాడు: "అయిదేళ్లు దాటింది కదమ్మా, బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేసుకోండి." నేను వేసుకోలేదు. ఆ లిథియం బ్యాటరీ పెట్టె ఇవాళ్టికీ మా ఇంట్లో పని చేస్తోంది. అంతకు చాలా ముందు, వేరే బ్యాటరీల విషయంలో ఇదే మాట విని మొత్తం సెట్టు మార్చేశాను. అది తప్పని రెండు నెలలకే తెలిసింది. ఆ తప్పు నుంచీ, ఆ రాత్రి నుంచీ నేర్చుకున్న పద్ధతి ఇది. "పోయింది" అని ఎవరైనా అంటే, "ఏం పోయిందో చూపించండి" అని మీరు అడగగలగాలి. అందుకే రాస్తున్నాను.

పరీక్షలు చేయకూడని బ్యాటరీలు

పెట్టె గానీ, లోపలి సెల్ గానీ ఉబ్బితే ఇక బాగు చేయించే మాటే లేదు. లిథియం పెట్టెలోంచి కాలిన వాసనో, రంగుల డబ్బా మూత తీసినట్టు తియ్యటి ఘాటు వాసనో వచ్చినా, ద్రవం కారినా, లోడ్ ఏమీ లేకుండానే వేడెక్కుతున్నా, వరద నీళ్లు లోపలికి పోయినా అంతే. వెళ్లడానికి భయం లేకపోతే బ్రేకర్ దించండి, లేదంటే అదీ వద్దు. దూరంగా ఉండి తెలిసినవాళ్లని పిలవండి. మునిగిన బ్యాటరీ ఆరిపోయింది కదా అని మళ్లీ ఆన్ చేయకండి.

లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగులో ఉండగా కుళ్లిన గుడ్ల వాసన వస్తే, అది ఎక్కువ ఛార్జింగుకి ఉడుకుతోందని అర్థం. ఛార్జింగ్ ఆపి కిటికీలు తెరవండి. ఛార్జింగులో హైడ్రోజన్ కూడా వస్తుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. బ్యాటరీల దగ్గర అగ్గిపుల్ల వెలిగించి లోపలికి తొంగిచూసేవాళ్లని నేను కళ్లారా చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఇక మిగతా పరీక్షలకి ఒక మల్టీమీటరు, ప్లగ్గుకి పెట్టే యూనిట్ల మీటరు, కుదిరితే డీసీ కూడా కొలిచే క్లాంప్ మీటరు కావాలి. లెడ్ యాసిడ్ అయితే యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు, కళ్లజోడు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఉంగరం, గడియారం, గొలుసు తీసేయండి. 48 వోల్టులే కదా, షాక్ కొట్టదని ధైర్యం చెబుతారు. అసలు భయం షాక్ గురించి కాదు. స్పానర్ రెండు టెర్మినల్స్‌కీ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్లు పారి లోహం కరుగుతుంది. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకోండి. సందేహంగా ఉంటే కొలతలు మాత్రం మీరు తీసి, స్పానర్ పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

మీ రాత్రికి ఎంత కావాలి

బ్యాటరీ ఆరోగ్యం 80 శాతమా, 70 శాతమా అన్నది నాకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, మనకి ఎంత కావాలి? 70 శాతానికి దిగిన పెద్ద బ్యాటరీ ఒక ఇంటికి హాయిగా సరిపోతుంది. 90 శాతం ఉన్న చిన్న బ్యాటరీ ఇంకో ఇంటికి చాలదు.

మా లెక్క చెబుతాను. అమ్మ కాన్సన్‌ట్రేటర్ 320 వాట్లు, 8 గంటలకి 2.56 యూనిట్లు. ఫ్యాను 30 వాట్లు, అదే 8 గంటలకి 0.24. మొత్తం 2.8 యూనిట్లు. మిషన్ మీద రాసిన వాట్లు నమ్మకుండా ప్లగ్ మీటరు పెట్టి ఒక రాత్రంతా కొలిచాను. మీరూ అలాగే కొలవండి, రాసినదానికీ తాగేదానికీ తేడా ఉంటుంది. ఈ 2.8 మీద నాలుగో వంతు అదనంగా వేసుకున్నాను. మబ్బు పట్టిన రోజులుంటాయి, బ్యాటరీ ఏటేటా కొంత తగ్గుతుంది. అలా 3.5 యూనిట్లు నా గీత. ప్లగ్ దగ్గర 3.5 ఇవ్వగలిగినంత కాలం బ్యాటరీ ఉంటుంది. ఇవ్వలేకపోతే, ఎందుకు ఇవ్వట్లేదో వెతుకుతాను. కారణం బాగయ్యేది కాకపోతే మారుస్తాను.

వైద్య పరికరం బ్యాటరీ మీద నడిచే ఇంట్లో, బ్యాటరీ ఎంత కొత్తదైనా సరే, కరెంటుతో పని లేని ఏర్పాటు ఒకటి పక్కన ఉండాలి. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది సిలిండరే.

పెట్టె బయట ముందు వెతకండి

నేను తప్పు చేసింది ఇక్కడే. అప్పట్లో మాకు 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇస్తుందో చెప్పే కొలత) ట్యూబులర్ రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు, వరసగా కలిపి 48 వోల్టులు. నీళ్ల మోటారు వేయగానే ఇన్వర్టర్ "లో బ్యాటరీ" అని కేక పెట్టి ట్రిప్ అయ్యేది. లైట్లకీ ఫ్యాన్లకీ ఏమీ అయ్యేది కాదు. వచ్చిన మెకానిక్ పది నిమిషాలు చూసి, "లాగే శక్తి పోయింది, నాలుగూ మార్చాలి" అన్నాడు. మార్చాం. పాత కేబుళ్లే మళ్లీ బిగించాడు. రెండు నెలలకి మోటారు వేస్తే మళ్లీ అదే కేక.

అప్పుడు నేనే కూర్చుని చూశాను. రెండో బ్యాటరీనీ మూడో బ్యాటరీనీ కలిపే చిన్న కేబుల్ ఉంది. దాని లగ్గు, అంటే పోస్టుకి బిగించే లోహపు కొస కింద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంది. లగ్గు పక్కన అరంగుళం మేర కేబుల్ తొడుగు నల్లబడి గట్టిపడింది, గోరుతో గీకితే పెచ్చులుగా రాలింది. 30 ఆంపియర్ల లోడ్ పెట్టి, మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ పోస్టు మీద, రెండో కొన లగ్గు మీద ఆనించాను. 0.8 వోల్టు. మంచి బిగింపులో అక్కడ కొన్ని మిల్లీవోల్టులే ఉండాలి. 0.8ని 30తో గుణిస్తే 24 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి ఆ ఒక్క కీలు దగ్గర పుడుతోందన్నమాట! మోటారు మొదలయ్యే క్షణంలో కరెంటు నాలుగింతలు లాగుతుంది కాబట్టి ఆ ఒక్కచోటే మూడు వోల్టుల పైన పడిపోతోంది. ఇన్వర్టర్‌కి అది బ్యాటరీ ఖాళీ అయినట్టే కనిపిస్తుంది.

కొత్త కేబుల్ వేయించాను, ట్రిప్ ఆగిపోయింది. అప్పటికే పాత నాలుగు బ్యాటరీలూ వెళ్లిపోయాయి. వాటిలో ఎంత ఆయుష్షు మిగిలి ఉందో ఎవరూ కొలవలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి బ్యాటరీ మీద అనుమానం రాగానే, మామూలుగా వాడే పెద్ద లోడ్ పెట్టి, ప్రతి బిగింపు మీదా ఇలా వోల్టేజి కొలవండి. బ్యాటరీ పోస్టు నుంచి లగ్గు, లగ్గు నుంచి ఫ్యూజు, ఫ్యూజు రెండు వైపులా, బ్రేకర్ రెండు వైపులా. మిగతావాటి కంటే ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడ తప్పుంది. ఈ పనికి పావుగంట పట్టదు. లోడ్ లేకుండా కొలిస్తే మాత్రం ఏమీ తెలియదు. కరెంటు పారకపోతే చెడ్డ బిగింపు కూడా సున్నానే చూపిస్తుంది.

రెండోది సెట్టింగులు. ఇన్వర్టర్ మార్చినప్పుడో, రీసెట్ అయినప్పుడో బ్యాటరీ రకం తప్పుగా పడిపోతుంది. లిథియం బ్యాటరీకి లెడ్ యాసిడ్ సెట్టింగు, లెడ్ యాసిడ్‌కి తక్కువ ఛార్జింగ్ వోల్టేజి. బ్యాటరీ కంపెనీ ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క అంకె సరిచూడండి. తెర మీద శాతం కూడా లెక్క మాత్రమే, లోపలికి తొంగిచూసి చెప్పే సంఖ్య కాదు. నెలల తరబడి నిండా ఛార్జ్ కాకపోతే ఆ లెక్క దారి తప్పుతుంది. ఒకసారి పూర్తిగా నింపితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

మూడోది, లిథియం పెట్టె టెర్మినల్స్ దగ్గర మీటరు సున్నా చూపిస్తే కంగారు పడకండి. ప్రతి పెట్టెలోనూ సెల్స్‌ని కాపాడే బోర్డు ఉంటుంది, బీఎంఎస్ అంటారు. ఛార్జ్ బాగా దిగిపోతే అది తలుపు మూసేసి నిద్రపోతుంది. కంపెనీ చెప్పిన పద్ధతిలో ఛార్జింగ్ ఇస్తే చాలావరకు లేస్తుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే మాత్రం సంగతి వేరు. సెల్ 2 వోల్టుల కిందికి దిగి అక్కడే ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అలాంటి సెల్‌కి మళ్లీ ఛార్జింగ్ ఎక్కిస్తే లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. "కాస్త కరెంటు కొట్టి లేపుదాం" అని ఎవరన్నా ఒప్పుకోకండి.

ఎంత ఇస్తోందో కొలవడం

బయట అంతా సరిగ్గా ఉందని తేలాక అసలు పరీక్ష. నిండా నింపడం, తెలిసిన లోడ్ పెట్టడం, ఎన్ని యూనిట్లు ఇచ్చి ఆగిందో చూడటం. ఇంతే. అయినా ఇది చేయకుండానే బ్యాటరీలు మార్చేస్తారు.

నేను చేసిన విధానం ఇది. ముందురోజు సాయంత్రం ఎండ వెళ్లాక కూడా కరెంటుతో ఛార్జింగ్ కొనసాగించి వంద శాతానికి తెచ్చాను. ఆ రాత్రి అమ్మ మిషన్ని నేరుగా కరెంటు లైను మీద పెట్టి, సిలిండర్ సరిచూసుకున్నాను. తెల్లవారుజామున 5 గంటలకి సోలార్ ప్యానెళ్ల స్విచ్చి, కరెంటు ఛార్జింగ్ రెండూ ఆపేశాను. లేకపోతే ఒకవైపు నిండుతూ ఇంకోవైపు ఖాళీ అవుతుంది, లెక్క తేలదు. పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బులు ఎనిమిది ఒక చెక్కకి బిగించుకున్నాను. 800 వాట్లు, మొదటి నుంచి చివరి దాకా కదలకుండా తాగుతాయి. ఏసీ, ఫ్రిజ్ లాంటివి ఆగుతూ ఎక్కుతూ ఉంటాయి కాబట్టి ఈ పనికి వద్దు. చెక్కకీ గోడకీ మధ్య ప్లగ్ మీటరు. పొద్దున పది కొట్టేలోపు పరీక్ష అయిపోయింది, సాయంత్రానికి ఎండ మళ్లీ నింపేసింది. పరీక్ష పొద్దున్నే పెట్టుకోవడం ఇందుకే, రాత్రికి బ్యాటరీ ఖాళీగా ఉండకూడదు.

బాగు చేయించాక ఈ పరీక్షలో మా పెట్టె 4 గంటల 52 నిమిషాలు నడిచి 3.9 యూనిట్లు ఇచ్చింది. మాది 51.2 వోల్టులు, 100 ఏహెచ్, అంటే లోపల 5.12 యూనిట్లు. ఇన్వర్టర్‌లో పదో వంతు పోతుందనుకుంటే కొత్తగా ఉన్నప్పుడు ప్లగ్ దగ్గర 4.6 వచ్చి ఉండాలి. 3.9 అంటే సుమారు 85 శాతం. నా గీత 3.5 కాబట్టి బ్యాటరీ ఉంటుంది. అవసరాన్నీ పరీక్షనీ రెండింటినీ ప్లగ్ దగ్గరే కొలవండి, అప్పుడు ఇన్వర్టర్ నష్టం రెండు వైపులా దాదాపు సమానంగా పడి ఆ గొడవ తప్పుతుంది.

లెడ్ యాసిడ్‌ని మాత్రం ఇలా అడుగుదాకా లాగకండి, దానికదే దెబ్బ. 150 ఏహెచ్ బ్యాటరీ అయితే 15 ఆంపియర్ల చొప్పున 5 గంటలు, అంటే సగం వాడి, లోడ్ తీసేసి కొన్ని గంటలు వదిలేయండి. అప్పుడు 12.2 వోల్టుల దగ్గర నిలబడితే అది చెప్పిన మాట మీద ఉంది. 11.9కి జారిపోయి ఉంటే మీరు సగం అనుకుని వాడింది నిజానికి దాని మొత్తం.

లిథియం పెట్టెలో ఏ సెల్ ఎక్కడుందో చూడండి

ఆ రాత్రి 24 శాతం దగ్గర ఆగిపోవడానికి కారణం ఇక్కడ దొరికింది. ఇళ్లలో వాడే లిథియం బ్యాటరీల్లో చాలావరకు ఐరన్ ఫాస్ఫేట్ రకం. మాదీ అదే. 3.2 వోల్టుల సెల్స్ 16 వరసగా ఉంటాయి. ఈ రకంలో ఒక చిక్కుంది. సగం ఖాళీ అయినా వోల్టేజి పెద్దగా కదలదు. 90 శాతం నుంచి 20 శాతం దాకా ఒక్కో సెల్ సుమారు 0.1 వోల్టే మారుతుంది. కాబట్టి మధ్యలో కొలిచి ఏమీ తేల్చలేం. రెండు కొసల్లో చూడాలి, నిండుతున్నప్పుడు ఒకసారి, ఖాళీ అవుతున్నప్పుడు ఒకసారి. బీఎంఎస్ యాప్‌లోనో, ఇన్వర్టర్ తెర మీదో 16 సెల్స్ వోల్టేజీలు విడివిడిగా కనిపిస్తాయి. కనిపించకపోతే సర్వీసు మనిషిని ఆ పట్టిక అడగండి.

పుస్తకంలో రెండు నిలువు వరసలు గీసి రాసుకున్నాను. ఖాళీ అయ్యే చివర్లో మిగతా పదిహేను సెల్స్ 3.18 దగ్గర ఉండగా పదకొండో సెల్ 2.6కి కూలిపోయింది. ఒక్క సెల్ అట్టడుగుకి చేరితే బీఎంఎస్ మొత్తం పెట్టెని ఆపేస్తుంది. మిగతా పదిహేనింటిలో ఛార్జ్ ఉన్నా వాడుకోలేం. ఇక నిండేటప్పుడు చూస్తే అదే పదకొండో సెల్ అందరికంటే వెనకబడింది. మిగతావి 3.37 దాటుతుంటే అది 3.34 దగ్గరే ఉంది.

దీన్ని చదివే పద్ధతి చెబుతాను, ఈ మొత్తం వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక సెల్ ఖాళీ అయ్యేటప్పుడు ముందు, నిండేటప్పుడు చివర ఉంటే, దాని పాత్ర చిన్నదవలేదు. అందులో నీళ్లు తక్కువ ఉన్నాయి, అంతే. మిగతావాటితో సమానంగా నింపితే సరిపోతుంది. అదే సెల్ ఖాళీ అయ్యేటప్పుడూ ముందు, నిండేటప్పుడూ ముందు ఉంటే, పాత్రే చిన్నదైపోయింది. ఎంత నింపినా తేడా పోదు. ఆ సెల్ మార్చాలి, లేదా పెట్టె మార్చాలి.

మాది మొదటి రకం. మరి ఆ సెల్ ఎందుకు వెనకబడింది? బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుందని ఎవరో చెబితే ఛార్జింగ్ వోల్టేజి 54కి తగ్గించి పెట్టాం. ఒక్కో సెల్‌కి 3.375 వోల్టులు పడుతుంది. మా బీఎంఎస్ సెల్స్‌ని సమానం చేసే పని 3.4 దాటాక గానీ మొదలుపెట్టదు. అంటే ఏళ్ల తరబడి ఆ పని ఒక్కసారి కూడా జరగలేదు. సెల్స్ మధ్య ఉండే చిన్న తేడా రోజూ కాస్త కాస్త పేరుకుని 20 ఏహెచ్ అయింది.

వారంటీ ఉన్న పెట్టె మూత నేను తీయలేదు, మీరూ తీయకండి. నా పట్టిక ఫోటో కంపెనీకి పంపించాను. ఫోన్లో "అయిపోయింది" అన్న చోటు నుంచే ఈసారి మనిషి వచ్చాడు. పదకొండో సెల్‌కి విడిగా చిన్న ఛార్జరు పెట్టి 10 ఆంపియర్లతో రెండు గంటలు నింపాడు. బీఎంఎస్‌కి వదిలేస్తే అది సెకనుకి చెంచా చొప్పున సర్దుతుంది. 0.1 ఆంపియరుతో 20 ఏహెచ్ సరిచేయాలంటే 200 గంటలు. ఛార్జింగ్ వోల్టేజి 56కి మార్చాడు.

అక్కడితో అయిపోయిందనుకోలేదు. నెల తరవాత మళ్లీ రెండు వరసలు రాశాను. పదకొండో సెల్ మిగతావాటితో 20 మిల్లీవోల్టుల తేడాలోనే ఉంది. ఒకవేళ అది మళ్లీ జారిపోయి ఉంటే, ఎంత పోసినా నిలవని చిల్లికుండ అని అర్థం. లోపల కరెంటు కారిపోతోంది. అలాంటి సెల్‌ని సరిచేస్తూ కూర్చోవడం ప్రమాదం కూడా. ఈ నెల రోజుల పరీక్ష దాటని మరమ్మతుని నమ్మకండి.

ఒకే సెల్ చెడితే దాన్ని మార్చవచ్చా? మార్చవచ్చు, కానీ కొత్త సెల్ కెపాసిటీ, లోపలి నిరోధం పాతవాటికి దగ్గరగా ఉండాలి, సెల్స్ లేజర్ వెల్డింగుతో కాకుండా బోల్టులతో బిగించి ఉండాలి, చేసేవాడు దాన్ని రోజూ చేసేవాడై ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా నేను ఒప్పుకోను. బీఎంఎస్ బోర్డు, ఫ్యూజు, కాంటాక్టరు లాంటివి పోయి సెల్స్ బాగుంటే మాత్రం తప్పకుండా బాగు చేయించండి. బోర్డు అదే కంపెనీదై, మీ ఇన్వర్టర్‌తో మాట్లాడేదై ఉండాలి.

లెడ్ యాసిడ్ అయితే

గాస్టన్ ప్లాంటే దీన్ని 1859లో చేశాడు. ఇన్నేళ్లలో ఇది ఎలా చస్తుందో బాగా తెలిసిపోయింది. ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడటం, ప్లేట్ల పదార్థం రాలిపోవడం, లోపలి సీసం తుప్పు పట్టడం. మొదటిదానికి మందుంది, మిగతా రెండింటికి లేదు.

నీళ్లు పోసే రకమైతే హైడ్రోమీటరే మీ సాక్షి. నిండా ఛార్జ్ చేసి, ఒక్కో సెల్ గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం చూసి రాయండి. నాలుగు బ్యాటరీలకి 24 అంకెలు వస్తాయి. నిండినప్పుడు ఎంత ఉండాలో కంపెనీ చెబుతుంది, 1.240 నుంచి 1.280 మధ్య ఎక్కడో ఉంటుంది. అన్నీ ఒకేలా తక్కువగా ఉంటే, ఉదాహరణకి అన్నీ 1.190 దగ్గర ఉంటే, ఛార్జింగ్ చాలడం లేదు లేదా సల్ఫేట్ పట్టింది. కంపెనీ చెప్పిన వోల్టేజిలో ఈక్వలైజింగ్ ఛార్జ్ (సెల్స్ అన్నిటినీ సమానం చేయడానికి మామూలు కంటే ఎక్కువ వోల్టేజిలో ఇచ్చేది) ఇచ్చి మళ్లీ చూడండి. గ్రావిటీ పైకి లేస్తే బ్యాటరీ మీకు దక్కినట్టే. సీలు వేసిన రకాలకి ఈ ఛార్జ్ ఇవ్వకూడదు. ఒక సెల్ మాత్రం మిగతావాటి కంటే 0.050కి మించి వెనకబడి, ఈక్వలైజ్ చేసినా లేవకపోతే ఆ సెల్ పోయింది. ఛార్జ్ చేశాక కూడా 10.5 వోల్టుల దగ్గరే ఆగిపోయే బ్యాటరీ కథా అదే. హైడ్రోమీటరులోకి వచ్చిన నీరు గోధుమరంగులో మురికిగా ఉంటే పాజిటివ్ ప్లేటు రాలుతోంది. పాజిటివ్ పోస్టు మూతని తోసుకుంటూ పైకి లేచినా ఆయుష్షు అయిపోయినట్టే.

ఏ పొడి కలిపినా, ఏ మందు పోసినా రాలిన పదార్థం వెనక్కి అతుక్కోదు. యాసిడ్ కూడా పోయకండి, తగ్గేది నీళ్లే. డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ ఛార్జ్ అయ్యాక. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం మునిగేంతవరకు ముందే పోయండి.

నాలుగింటిలో ఒకటి పోతే ఏం చేయాలన్నది అందరూ అడుగుతారు. సెట్టు ఏడాది లోపుదైతే ఆ ఒక్కటీ మార్చండి. మూడు నాలుగేళ్లదైతే కొత్తదాన్ని పాతవాటి మధ్య వరసలో పెట్టడం డబ్బు దండగ. పాతవి ముందు దిగిపోతాయి, ఛార్జింగ్ సమంగా పడదు, కొత్తది కూడా పాతవాటి దారే పడుతుంది. బ్యాటరీలున్న గది వేడిగా ఉంటే అది కూడా లెక్కలో పెట్టుకోండి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకి లెడ్ యాసిడ్ ఆయుష్షు సుమారు సగమవుతుంది. చోటు మార్చకుండా బ్యాటరీ మారిస్తే అదే కథ.

డబ్బు లెక్క

మరమ్మతు ఖర్చుని కొత్తదాని ధరతో పోల్చకండి, ఏడాదికి ఎంత పడుతుందో పోల్చండి. కొత్తదాని ధర 100 అనుకుందాం, పదేళ్లు వస్తే ఏడాదికి 10. మరమ్మతుకి 25 అవుతుందన్నారు, నాలుగో వంతే కదా అనిపిస్తుంది. కానీ దానివల్ల రెండేళ్లే వస్తే ఏడాదికి 12.5 పడుతుంది. కొత్తదే మేలు.

ఎన్నేళ్లు వస్తుందో ఎలా తెలుస్తుంది? కొలత ఉంటే అంచనా వేయొచ్చు. మా పెట్టె అయిదేళ్లలో 4.6 నుంచి 3.9కి వచ్చింది, ఏడాదికి 0.14. నా గీత 3.5కి చేరడానికి ఇంకా 0.4 ఉంది, అంటే దాదాపు మూడేళ్లు. మరమ్మతుకి కొత్తదాని ధరలో 6 శాతం అయింది, ఏడాదికి 2. అందుకే నిస్సందేహంగా బాగు చేయించాను. బ్యాటరీలు చివరికొచ్చేసరికి ఇంకా వేగంగా దిగుతాయి కాబట్టి మూడేళ్లని రెండున్నర అనుకునే ఉన్నాను.

డబ్బు పెట్టే ముందు వారంటీ కాగితం తీయండి. అందులో ఏళ్లతో పాటు, ఆఖరికి ఇన్ని శాతం కెపాసిటీ ఉంటుందని కూడా రాసి ఉంటుంది. మీరు కొలిచింది దానికంటే తక్కువైతే అడగడం మీ హక్కు. తేదీలు వేసిన పట్టిక చేతిలో ఉంటే మాట తీరే మారిపోతుంది, నాకు స్వయంగా తెలుసు.

మార్చాల్సిందే అని తేలితే

లెడ్ యాసిడ్ నుంచి లిథియంకి వెళ్తుంటే ఇన్వర్టర్‌లో ఈక్వలైజింగ్, ఉష్ణోగ్రతని బట్టి వోల్టేజి మార్చే సెట్టింగు రెండూ ఆపించండి. ఇన్వర్టర్ ఆ బ్యాటరీ బీఎంఎస్‌తో మాట్లాడుతుందని కొనకముందే రాతలో తీసుకోండి. పాత లిథియం పెట్టె పక్కన కొత్తది కలపాలనుకుంటే, రెండు కంపెనీలవి కలపకండి. ఒకే కంపెనీవైనా కలపవచ్చో లేదో వాళ్లనే అడగండి. గడ్డకట్టే చలి ఉండే చోటైతే సున్నా డిగ్రీల కింద లిథియంకి ఛార్జింగ్ ఎక్కించకూడదన్నది గుర్తుంచుకుని పెట్టె చోటు చూసుకోండి. పాతవి రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వండి. యాసిడ్ మట్టిలోకీ మురుగులోకీ పోయకండి.

మా పెట్టెకి ఆర్నెల్లకోసారి పరీక్ష. ఇప్పటికి మూడు అంకెలు రాశాను: 3.9, 3.8, 3.8. 3.5 అన్న అంకెని ఎర్ర సిరాతో ఒక కాగితం మీద రాసి, దాని కింద బ్రేకర్ దించే వరస, సర్వీసు నంబరు, సిలిండర్ తెరిచే పద్ధతి రాసి, బ్యాటరీ ఉన్న అల్మారా తలుపుకి లోపలివైపు అంటించాను. నేను ఇంట్లో లేని రాత్రి అమ్మ దగ్గర పడుకునేది తమ్ముడు. వాడి చేత ఆ కాగితం చూసి రెండుసార్లు చేయించాను కూడా.